ఇ20తో ఆక్టేన్ పెరిగింది సరే, పికప్ ఎందుకు పెరగలేదు? మైలేజ్ ఎందుకు పడింది?

ఖమ్మం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఇ20 అంటే 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోల్. ఆయన దగ్గర 2016 మోడల్ 1.2 లీటర్ల పెట్రోల్ కారు, 2012లో కొన్న 125 సీసీ కార్బురేటర్ బైకు ఉన్నాయి. హైవే మీద లీటరుకు 18 ఇచ్చే కారు ఇప్పుడు 16 దాటడం లేదట. ఓవర్‌టేక్ చేసేటప్పుడు పికప్ మందంగా ఉంటోందట. బైకు పొద్దున్నే ఎన్ని కిక్కులు కొట్టినా లేవడం లేదట. "ఎథనాల్ కలిపితే ఆక్టేన్ 91 నుంచి 95కి పెరుగుతుందని చదివాను. ఆక్టేన్ పెరిగితే పవర్ పెరగాలి కదా, మరి నాకు తగ్గిందేమిటి? ప్రీమియం పెట్రోల్ పోయించుకోమంటారా?" అని అడిగారు.

విజయవాడ ఆటోనగర్‌లో 27 ఏళ్లుగా పెట్రోల్ బండ్లే చూస్తున్నాను. గత రెండేళ్లలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. ఆక్టేన్ నంబర్ పెట్రోల్ బలానికి కొలత కాదు, దాని ఓర్పుకి కొలత. సిలిండర్లో ఒత్తిడి, వేడి పెరిగినా స్పార్క్ పడే దాకా తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు తట్టుకుంటుందో ఆ నంబర్ చెబుతుంది. ఎథనాల్ వల్ల ఆ ఓర్పు నిజంగానే పెరుగుతుంది. కానీ ఆ పెరిగిన ఓర్పును వాడుకునేలా మీ ఇంజన్ తయారు కాలేదు, అందుకే మీకు పవర్ పెరగలేదు. మైలేజ్ సంగతి వేరు. లీటరు ఎథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉండే శక్తిలో మూడింట రెండు వంతులే. ఆ లెక్కన మీ 18లో అర కిలోమీటరు, మహా అయితే కిలోమీటరు పైచిలుకు పోవాలి. రెండు కిలోమీటర్లు పోయిందంటే మిగతాది ఎథనాల్ చేసిన పని కాకపోవచ్చు, బండిలో ఇంకేదో ఉంది. ప్రీమియం పోయిస్తే అది బాగుపడదు.

ఇప్పుడు కారణాలు.

పెట్రోల్ ఇంజన్లో స్పార్క్ పడ్డాక మంట ప్లగ్ దగ్గర మొదలై అంచుల దాకా పాకుతుంది. అది పాకుతున్న కొద్దీ అంచుల్లో ఇంకా కాలని మిశ్రమం నలుగుతుంది, వేడెక్కుతుంది. మంట వచ్చేలోపే అది తనంతట తాను ఒక్కసారిగా అంటుకుంటే మనకు 'టక్ టక్' అని వినిపిస్తుంది. దాన్నే నాకింగ్ అంటాం. ఎండాకాలం, ఏసీ వేసి, నలుగురు కూర్చుని, నాలుగో గేర్లో ఫ్లైఓవర్ ఎక్కించేటప్పుడు పాత బండ్లలో వచ్చేది ఇదే. ఎక్కువ కాలం సాగితే పిస్టన్ పైభాగం పాడవుతుంది.

ఆక్టేన్ కొలవడానికి ల్యాబుల్లో కంప్రెషన్ (సిలిండర్లో మిశ్రమాన్ని నలిపే పాళ్లు) మార్చుకునే వీలున్న ఒక సింగిల్ సిలిండర్ ఇంజన్ ఉంటుంది. ఐసో ఆక్టేన్‌కి 100, నార్మల్ హెప్టేన్‌కి 0 అని పెట్టుకుని, మన పెట్రోల్ ఈ రెండిటి ఏ మిశ్రమంలా కొట్టుకుంటుందో చూస్తారు. ఆ పరీక్షను 600 ఆర్‌పీఎం దగ్గర చేస్తే వచ్చేది రీసెర్చ్ ఆక్టేన్. మన బంకుల్లో 91, 95 అని కనిపించేది అదే. 900 ఆర్‌పీఎం దగ్గర, లోపలికి పోయే మిశ్రమాన్ని బాగా వేడి చేసి కొలిస్తే మోటార్ ఆక్టేన్, అది తక్కువ వస్తుంది. ఎథనాల్‌కి రీసెర్చ్ ఆక్టేన్ 108, 109 దాకా ఉంటే మోటార్ ఆక్టేన్ 90 దగ్గరే ఉంటుంది.

డాలస్‌లో ఉండే మా మేనల్లుడు ఇక్కడికి వచ్చినప్పుడు, "మావయ్యా, మా దగ్గర 87 పోయిస్తాం, ఇక్కడ 91 ఉంది, అంటే మన పెట్రోలే మంచిదా?" అని అడిగాడు. అమెరికా బంకుల మీద వేసేది ఈ రెండు నంబర్ల సగటు. అక్కడి 87 ఇంచుమించు మన 91, 92తో సమానం. అక్కడా మామూలు పెట్రోల్‌లో దాదాపు అంతటా 10 శాతం ఎథనాల్ ఉంటుంది. అమెరికాలో ఉన్నవాళ్లు ఇక్కడి అమ్మానాన్నల కారుకి సలహా చెప్పేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

ఎథనాల్‌కి అంత ఓర్పు రావడానికి రెండు కారణాలు. ఒకటి దాని రసాయన స్వభావం. ఒత్తిడిలో తొందరగా ముక్కలై అంటుకునే రకం కాదది. రెండోది చల్లదనం. ఇంజెక్షన్ వేసే ముందు నర్సు స్పిరిట్ దూది రాస్తే చర్మం చల్లగా అవుతుంది కదా, ఆవిరవుతూ అది వేడిని లాక్కుపోతుంది. సిలిండర్లోనూ అదే జరుగుతుంది. ఆవిరి కావడానికి ఎథనాల్‌ తీసుకునే వేడి, బరువుకి బరువు చూస్తే పెట్రోల్‌ కన్నా రెండున్నర రెట్లు ఉంటుంది. లోపలి మిశ్రమం చల్లబడితే కొట్టుకునే గుణం తగ్గుతుంది. కాకపోతే ఈ చల్లదనం పూర్తిగా దక్కేది పెట్రోల్‌ను నేరుగా సిలిండర్లోకి కొట్టే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లకే. మీ కారులాంటి వాటిలో ఇంజెక్టర్ సిలిండర్ బయట, గాలి లోపలికి వెళ్లే గొట్టం (మానిఫోల్డ్) దగ్గర కొడుతుంది. అక్కడ ఎథనాల్ లాక్కునే వేడిలో చాలాభాగం ఆ గోడలదే, గాలిది కాదు.

చాలామందికి ఇంకో అనుమానం వస్తుంది. పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో ఇచ్చిన వివరణలో ఎథనాల్ ఆక్టేన్ 108.5 అని, పెట్రోల్‌ది 84.4 అని, ఇ20 మాత్రం 95 ఇస్తుందని ఉంది. నూటికి ఇరవై లెక్కన కలిపి చూస్తే 89 దగ్గరే ఆగుతుంది, మరి 95 ఎలా? ఇది అబద్ధం కాదు. ఎథనాల్ అణువు చిన్నది. 100 లీటర్లలో 20 లీటర్లు ఎథనాల్ పోస్తే, అణువుల లెక్కలో చూసినప్పుడు అది మూడో వంతు కన్నా ఎక్కువే ఉంటుంది. అందుకే కొద్దిగా కలిపినా ఆక్టేన్ బాగా లేస్తుంది. అయితే అదే లెక్కలో ఇంకో సంగతి కూడా దాగుంది. ఎథనాల్ తెచ్చిన ఆక్టేన్ మొత్తం మన బండికి లాభంగా రాదు. రిఫైనరీ తక్కువ ఆక్టేన్ పెట్రోల్ తీసి, మిగతాది ఎథనాల్‌తో పూడ్చవచ్చు. ఇ10 వచ్చాక కూడా మామూలు పెట్రోల్ 91గానే అమ్మారు. అమెరికాలోనూ ఇదే పద్ధతి. చివరికి బంకులో అమ్మే నంబర్ ఎంతో అదే మనకు లెక్క.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఈ ఓర్పు కోసం పెట్రోల్‌లో సీసం కలిపేవారు. ప్లగ్గులు విప్పితే బూడిద రంగు పొర కనిపించేది, చేతులకు అంటేది. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్లీ బృందం సీసం కలిపితే నాకింగ్ ఆగుతుందని కనిపెట్టింది. ఎథనాల్ కూడా ఆ పని చేస్తుందని అప్పటికే తెలుసు. అయినా సీసమే నెగ్గింది, లోకమంతా దశాబ్దాల పాటు ఆ పొగ పీల్చింది. మన దేశంలో 2000లో గానీ అది పూర్తిగా పోలేదు. అందుకే ఎథనాల్ అనగానే మండిపడేవాళ్లతో నేను ఏకీభవించను. ఆక్టేన్ పెంచడానికి వాడిన వాటిలో ఇది మనుషులకు చాలా తక్కువ హాని చేసే సరుకు.

ఇక పవర్ సంగతి. 95 ఆక్టేన్‌ను పవర్‌గా మార్చాలంటే కంప్రెషన్ పెంచాలి, లేదా స్పార్క్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) ముందుకు జరపాలి, లేదా టర్బో ఒత్తిడి పెంచాలి. మీ ఇంజన్‌ను 91కి సరిపోయేలా కట్టారు. మీ కారులో నాక్ సెన్సర్ ఉంటే అది నాకింగ్ వినిపించినప్పుడు టైమింగ్ వెనక్కి లాగుతుంది, ఆగాక మళ్లీ కంపెనీ పెట్టిన గీత దాకా తెస్తుంది. ఆ గీత దాటి ముందుకు పోదు. కాబట్టి ఇదివరకు ఎండలో, ఎత్తు ఎక్కేటప్పుడు టైమింగ్ వెనక్కి పోయే బండి అయితేనే 95 వల్ల తేడా తెలుస్తుంది.

అలాంటి బండి ఒకటి చూశాను. టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న కొత్త కారు. ఓనర్ దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ తరచూ ఎక్కుతారు. మే నెలలో స్కానర్ పెట్టుకుని ఆయనతో పాటు వెళ్లాను. ఎక్కుడులో టైమింగ్ దాదాపు ఎక్కడా వెనక్కి పోలేదు, బండి హుషారుగా లాగింది. మైలేజ్ తగ్గిందని ఆయనా అన్నారు కానీ పికప్ గురించి ఒక్క మాట అనలేదు. ఎథనాల్ మేలు చేసేది ఇలాంటి ఇంజన్లకే. 9, 9.5 కంప్రెషన్ ఉండే మీ 125 సీసీ బైకుకి 91 చాలు. 95 పోసినా, 100 పోసినా దానికి తేడా తెలియదు.

మరి శక్తి తక్కువైన ఇంధనం పోస్తే పవర్ తగ్గాలి కదా? తగ్గదు. ఈ విషయం చాలామంది మెకానిక్కులకు కూడా తెలియదు. సిలిండర్లోకి ఎంత గాలి పోతుందనే దాన్ని బట్టి ఇంజన్ పవర్ ఉంటుంది. ఆ గాలికి సరిపడా ఇంధనం కొడతాం. కిలో పెట్రోల్ కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఎథనాల్‌లో ప్రాణవాయువు దాని బరువులో మూడో వంతు పైగా ముందే ఉంది కాబట్టి కిలోకి 9 కిలోల గాలి చాలు. అంటే అదే గాలికి ఎథనాల్ ఎక్కువ కొట్టవచ్చు. లెక్క వేస్తే, కిలో గాలితో పెట్రోల్ కాల్చినా, ఎథనాల్ కాల్చినా వచ్చే వేడి ఇంచుమించు ఒకటే. మిశ్రమం సరిగ్గా కుదిరితే ఎథనాల్ మీ జేబులోంచి తీసుకుంటుంది గానీ పికప్‌లోంచి తీసుకోదు. కుదరకపోతేనే పికప్ పోతుంది.

మైలేజ్ లెక్క ఇదిగో. లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఎథనాల్‌లో 21 ఉంటుంది. ఆ లెక్కన ఇ10లో శక్తి మూడున్నర శాతం దాకా తగ్గుతుంది, ఇ20లో ఆరున్నర, ఏడు శాతం. మీ 18 కిలోమీటర్లు ఎథనాల్ లేని రోజుల్లోది అయితే ఇప్పుడు 16.8 రావాలి. ఇ10 నాటిది అయితే 17.4 రావాలి. దేశం మొత్తం మీద సగటున 10 శాతం కలపడం 2022 జూన్‌కే పూర్తయింది. మీరు 18 చూసింది ఆ తర్వాతే అయితే రెండో లెక్కే పట్టుకోండి. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదిక కూడా ఇ0కి డిజైన్ చేసి ఇ10కి ట్యూన్ చేసిన కార్లలో ఇ20 వల్ల 6 నుంచి 7 శాతం, అలాంటి టూవీలర్లలో 3 నుంచి 4 శాతం, ఇ10కి డిజైన్ చేసి ఇ20కి ట్యూన్ చేసిన కార్లలో 1 నుంచి 2 శాతం తగ్గుతుందని అంచనా వేసింది. నా దగ్గరికి వచ్చే బండ్లలో, అన్నీ సరిగ్గా ఉన్నవాటిలో, నేను చూసేదీ ఈ లెక్కకి దగ్గరగానే ఉంటుంది. కాబట్టి మైలేజ్ అసలు తగ్గలేదనే మాటా తప్పే, మూడో వంతు పడిపోయిందనే మాటా తప్పే.

18 నుంచి 16 అంటే 11 శాతం. ఎథనాల్ వాటా తీసేస్తే, మొదటి లెక్కన నాలుగు శాతం, రెండో లెక్కన ఏడెనిమిది శాతం మిగులుతుంది. అది ఎక్కడికి పోయిందో వెతకాలి.

గత ఏడాది ఇలాగే ఒక కారు వచ్చింది. "అంతా ఎథనాలే, ఇంజన్ తినేసింది" అన్నారు ఓనర్. అప్పటికే వేరేచోట ఎవరో ఇంజెక్టర్లు కడిగారు, ఏదో ఆక్టేన్ బూస్టర్ సీసా పోశారు, నాలుగు వేలు తీసుకున్నారు. నేను స్కానర్ పెట్టి ఫ్యూయెల్ ట్రిమ్ చూశాను. ఇదేమిటంటే, సైలెన్సర్ దారిలో ఉన్న ఓ2 సెన్సర్ మిశ్రమం పల్చగా (గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ) ఉందని చెబితే కంప్యూటర్ ఇంజెక్షన్ ఎంత శాతం పెంచిందో చూపించే నంబర్. ఇ20 పోసిన ఆరోగ్యమైన పాత కారులో లాంగ్ టర్మ్ ట్రిమ్ నాకు మామూలుగా ప్లస్ 4 నుంచి 8 మధ్య కనిపిస్తుంది. ఈ కారులో ప్లస్ 19 ఉంది. అంత ఎథనాల్ వల్ల రాదు. పొగ పంపి లీకు కనిపెట్టే పొగ మిషన్ పెట్టి చూస్తే ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెనక చిన్న రబ్బరు గొట్టం పగిలి గాలి లాగుతోంది. ఎదర ఉన్న ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద దుమ్ము కూడా పేరుకుంది. గొట్టం మార్చి, సెన్సర్ శుభ్రం చేశాక ట్రిమ్ 6కి దిగింది. పికప్ తిరిగి వచ్చింది. మైలేజ్ పాతదాని కన్నా ఇంకా కొంచెం తక్కువే, అది మాత్రం ఎథనాల్ వాటా.

ఇక్కడ జరుగుతున్నది ఇదే. పాత కారులో చిన్న లోపం ఉన్నప్పుడు కంప్యూటర్ సర్దుకుని నడిపిస్తుంది. ఇ20 వచ్చి ఆ సర్దుబాటులో కొంత తనే వాడేసుకుంది. దాంతో ఇదివరకు దాక్కున్న లోపం బయటపడుతోంది. చాలా కార్లలో ట్రిమ్ 20, 25 దాటితే పీ0171 అనే కోడ్‌తో చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంది. లైట్ వెలగలేదంటే అంతా బాగుందని అర్థం కాదు. మీరు అడిగించుకోవాల్సింది ట్రిమ్ నంబరే. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి చూడమనండి. ఐడ్లింగ్‌లో ఎక్కువ ఉండి రేస్ చేస్తే తగ్గితే గాలి లీకు. రేస్ చేస్తే పెరిగితే ఫ్యూయెల్ ఫిల్టర్, పంపు, ఇంజెక్టర్లు చూడాలి. పాత ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న జిగురును ఎథనాల్ కరిగిస్తుంది, అది వచ్చి ఫిల్టర్‌లో పడుతుంది. ఇ20 మొదలైన కొత్తలో నేను మార్చినన్ని ఫిల్టర్లు అంతకు ముందు మూడేళ్లలో మార్చి ఉండను.

బైకు సంగతి వేరు, నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. కారులో సెన్సర్ ఉంది, కంప్యూటర్ ఉంది, సర్దుకుంటుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చే దాకా అమ్మిన చాలా కమ్యూటర్ బైకుల్లో కార్బురేటరే. దానికి కళ్లు లేవు. పెట్రోల్ వదిలే జెట్ రంధ్రం ఎంత ఉంటే అంతే వదులుతుంది. ఇ20కి కావాల్సిన గాలి నిష్పత్తి 14.7 నుంచి 13.5 దగ్గరికి వచ్చింది. అంటే పాత జెట్‌తో మిశ్రమం ఏడెనిమిది శాతం పల్చబడింది. పల్చబడితే పొద్దున్నే లేవదు, యాక్సిలరేటర్ తిప్పగానే వెనక్కి లాగినట్టు ఉంటుంది, ఇంజన్ వేడెక్కుతుంది. దానికి తోడు ఎథనాల్ చలిలో తేలిగ్గా ఆవిరి కాదు, 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పెట్రోల్‌లో ఉండే తేలికపాటి భాగాలు అంతకన్నా చాలా ముందే ఆవిరై చల్లని ఇంజన్‌ను లేపుతాయి. ఈ బండ్లు నడిపేది కూరగాయలు తెచ్చేవాళ్లు, డెలివరీ కుర్రాళ్లు, పల్లె నుంచి పనికి వచ్చేవాళ్లు. వాళ్లకి లీటరుకి మూడు కిలోమీటర్లు తగ్గినా నెల ఖర్చులో తెలుస్తుంది.

బైకుకి నేను చేసే పని వరుస చెప్తాను. ముందు ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు చూస్తాను. ఉబ్బి మెత్తబడినా, గట్టిపడి పగుళ్లు వచ్చినా మార్చేస్తాను. పాత రకం రబ్బరు ఎథనాల్‌కి ఉబ్బుతుంది. పైపు మీద ఆర్9 అని ముద్ర ఉన్న ఇంజెక్షన్ పైపు వేస్తే దిగులు ఉండదు. తర్వాత కార్బురేటర్ గిన్నె విప్పి అడుగు చూస్తాను. తెల్లటి పొడి ఉంటే తేమ లోహాన్ని తిన్నట్టే. ఫ్లోట్ నీడిల్, ఓరింగులు మారుస్తాను. ఎయిర్ ఫిల్టర్, వాల్వ్ క్లియరెన్స్ చూసి, అప్పుడు మిక్చర్ స్క్రూ పావు చుట్టు రిచ్ (ఇంధనం పెరిగే) వైపు తిప్పుతాను. పది కిలోమీటర్లు నడిపి ప్లగ్ విప్పుతాను. లేత గోధుమ రంగు ఉంటే చాలు. ఇంకా తెల్లగా ఉంటే మెయిన్ జెట్ ఒక్క సైజు పెంచుతాను. 90 నంబర్ జెట్ తీసి 92.5 వేస్తే రంధ్రం వైశాల్యం ఐదున్నర శాతం పెరుగుతుంది, పల్చబడిన దాంట్లో చాలాభాగం దాంతో పూడుతుంది. జెట్‌ను డ్రిల్‌తో పెద్దది చేయించుకోవద్దు. అలా పాడుచేసుకుని వచ్చిన బండ్లు చాలా చూశాను.

బైకు పొద్దున్నే లేవకపోవడానికి నేను మొదట అనుమానించేది మాత్రం నీళ్లనే. పోయిన వానాకాలంలో ఒక ఇంజనీరింగ్ స్టూడెంట్ బైకు వచ్చింది. రెండు నెలలు హాస్టల్ బయట చెట్టు కింద వానలో ఉంది. ట్యాంకు మూత రబ్బరు పగిలింది. ట్యాంకు నుంచి గ్లాసులోకి పెట్రోల్ పట్టి చూపిస్తే రెండు పొరలు విడివిడిగా కనిపించాయి. ఎథనాల్ లేని పెట్రోల్‌లో నీళ్లు పడితే అడుగున చుక్కలుగా కూర్చునేవి. ఎథనాల్ ఉన్న పెట్రోల్ కొద్దిపాటి నీళ్లను తనలో కలుపుకుంటుంది, ఇ10 అయితే మామూలు వేడిలో లీటరుకి ఐదు మిల్లీలీటర్ల దాకా, ఇ20 అయితే ఇంకొంచెం. ఇది మంచిదే, కొద్ది తేమ ఇంజన్లోకి పోయి ఆవిరైపోతుంది. ఆ హద్దు దాటిందంటే మాత్రం నీళ్లు ఎథనాల్‌ను కూడా లాక్కుని అడుగుకి దిగుతాయి. అడుగున అంటుకోని నీళ్ల ఎథనాల్, పైన ఎథనాల్ పోయి ఆక్టేన్ పడిపోయిన పెట్రోల్. బైకు కాక్ (ట్యాంకు కింది పెట్రోల్ కుళాయి) లాగేది అడుగు నుంచే. ఇలా విడిపోయాక ఎంత కదిపినా మళ్లీ సరిగ్గా కలవదు. మొత్తం తీసేసి, ట్యాంకు ఆరబెట్టి కొత్తది పోయాల్సిందే. నెల పైన బండి తీయరనుకుంటే ట్యాంకు నిండా పోసి మూత రబ్బరు సరిచూసుకోండి, కార్బురేటర్ గిన్నెలో ఉన్నది డ్రెయిన్ స్క్రూ విప్పి తీసేయండి.

మీ బంకులో ఎంత కలుపుతున్నారో చూడాలంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. గీతలున్న 100 మిల్లీలీటర్ల గాజు సిలిండర్ కొనండి. సరిగ్గా 10 నీళ్లు, 90 పెట్రోల్ పోసి మూతి మూసి రెండు నిమిషాలు ఊపండి, మధ్యలో గాలి వదలండి, పావుగంట కదపకుండా ఉంచండి. ఎథనాల్ నీళ్లలోకి దిగుతుంది. 10 దగ్గర ఉండాల్సిన అడుగు పొర 28 దగ్గరికి వస్తే 18 మిల్లీలీటర్లు ఎథనాల్, అంటే 90కి 20 శాతం. ఒకటి రెండు మిల్లీలీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఆరుబయట, పొయ్యికి, సిగరెట్‌కి దూరంగా చేయండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ప్రీమియం గురించి అడిగారు. 95 ఆక్టేన్ ప్రీమియంలోనూ ఎథనాల్ ఉంటుంది, కాబట్టి మైలేజ్ వెనక్కి రాదు. 100 ఆక్టేన్ పెట్రోల్ ధర మీ బండికి ఏ లెక్కన చూసినా గిట్టదు. ఆక్టేన్ బూస్టర్ సీసాలు మీకు అవసరం లేదు, ఎథనాల్ ఇచ్చేదే ఆక్టేన్.

బ్రెజిల్‌ను చూపించి "వాళ్లు 27 శాతం వాడారు, 2025 ఆగస్టు నుంచి 30 చేశారు, ఏమైంది?" అనేవాళ్లు ఉన్నారు. నిజమే. కానీ బ్రెజిల్ ఈ పని 1975లో మొదలుపెట్టింది, అక్కడి బండ్లు దానికి తగ్గట్టే తయారవుతాయి. 2003 నుంచి ఏ పాళ్లలో పోసినా సర్దుకునే ఫ్లెక్స్ కార్లు వచ్చాయి. అక్కడ ఎథనాల్ విడిగా దొరుకుతుంది. దాని ధర పెట్రోల్‌లో 70 శాతం కన్నా తక్కువ ఉంటేనే గిట్టుతుందని కారున్న ప్రతివాడూ లెక్క వేసుకుంటాడు. మన దగ్గర 2023 ఫిబ్రవరిలో ఇ20 అమ్మకాలు మొదలయ్యాయి, 2023 ఏప్రిల్ నుంచి వచ్చే బండ్లు ఇ20కి తట్టుకునే భాగాలతో వస్తున్నాయి. అంతకు ముందు కొన్నవాళ్లకి ఎంచుకునే వీలు లేకుండా పోయింది. పాత బండ్ల కోసం ఇ10 కూడా బంకుల్లో ఉంచాలని, తగ్గిన శక్తికి తగ్గట్టు ఇ20 ధర తగ్గించాలని నేను గట్టిగా నమ్ముతాను.

మీరు ముందు చేయాల్సింది ఇది. కారుకి ఫుల్ ట్యాంకు పోయించి, అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్లీ ఫుల్ చేయించి, మూడుసార్లు మైలేజ్ లెక్క తీయండి. డిస్‌ప్లేలో చూపించేది నమ్మకండి, అది కంప్యూటర్ వేసే అంచనా మాత్రమే. టైర్లలో గాలి చూడండి. ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. 40 వేల కిలోమీటర్లు దాటినా ప్లగ్గులు మార్చి ఉండకపోతే మార్పించండి. ఇంజన్ ఆయిల్ కిలోమీటర్లు కాకపోయినా ఏడాదికొకసారి మార్చండి, ముఖ్యంగా రోజూ రెండు మూడు కిలోమీటర్లే నడిపేవాళ్లు. ఇంజన్ పూర్తిగా వేడెక్కకపోతే తేమ, కాలని ఇంధనం ఆయిల్లోనే ఉండిపోతాయి.

ఆ తర్వాత ఐడ్లింగ్‌లో ఒకటి, 2500 దగ్గర ఒకటి ట్రిమ్ నంబర్లు, బైకు ప్లగ్ ఫోటో, కార్బురేటర్ గిన్నె అడుగు ఫోటో పెట్టండి. కారు ట్రిమ్ 10 లోపు ఉంటే ఇంజన్ జోలికి ఎవరినీ వెళ్లనివ్వకండి, క్లచ్ జారుతోందేమో, బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూద్దాం. 15 దాటితే పొగ మిషన్ ఉన్న వర్క్‌షాప్‌లోనే చూపించండి.